మోజెల్ నది వంపులో పీస్‌పోర్ట్: అంత ఉత్తరాన ద్రాక్ష ఎలా పండుతుంది, రోమన్లు అక్కడే ఎందుకు తోటలు వేశారు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున పీస్‌పోర్ట్ అనే వైన్ ఊరు చూసి వచ్చారు. అంత చలిదేశంలో, నిలబడటానికే కష్టమైన కొండవాలు మీద ద్రాక్ష ఎలా పండుతోందని మొదటి ముక్క. రోమన్లు ప్రత్యేకంగా అక్కడికే ఎందుకు వచ్చారు, ఊరివాళ్లు చెప్పుకునే ప్రాచీనత ఎంతవరకు నిజం అన్నది రెండో ముక్క. ఇంతకుముందు జవాబిచ్చినవాళ్లు "పలకరాయి నేల వల్ల" అని ఒక్క మాటలో తేల్చేశారు. పలకరాయి నిజమే. కానీ ఆ రాయి ఐఫెల్, హున్స్‌రుక్ కొండల నిండా ఉంది, అందులో చాలా భాగం మీద ఇప్పటికీ అడవే ఉంది. కాబట్టి రాయి ఒక్కటే జవాబు కాలేదు.

నేను భూగోళశాస్త్రం చదువుకున్నాను, మోజెల్ ఒడ్డునే ఉన్న ట్రియర్ నగరం చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఉంటున్నాను. ఈ లోయ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నా జవాబు క్లుప్తంగా ఇదీ: పీస్‌పోర్ట్‌ను ఒక నది వంపు, ఒక రాజధాని నగరం (రోమన్ల కాలపు ట్రియర్) కలిసి తయారుచేశాయి. వంపు లేకపోతే ద్రాక్ష పండేది కాదు. నగరం లేకపోతే ఎవరూ పండించేవారు కాదు.

ముందు నది సంగతి. మోజెల్ ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో పుట్టి, కొంత దూరం లక్సెంబర్గ్ సరిహద్దుగా నడిచి, కోబ్లెంట్స్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. మొత్తం పొడవు 544 కిలోమీటర్లు. ట్రియర్ నుంచి కోబ్లెంట్స్‌కు మ్యాప్ మీద సూటిగా గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. నది మాత్రం ఆ దూరాన్ని దాదాపు రెట్టింపు చేసుకుని, 190 కిలోమీటర్లకు పైగా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల్లో ఒకదాని దగ్గర, ట్రియర్ నుంచి నదీమార్గంలో సుమారు 40 కిలోమీటర్లు దిగువన పీస్‌పోర్ట్ ఉంది. పక్క ఊరు నోయ్‌మాగెన్. దాని గురించి తర్వాత చాలా చెప్పాలి.

మామూలుగా ఇంతగా మెలికలు తిరిగే నదులు మైదానాల్లో ఉంటాయి. కొండల మధ్య నది ఇలా తిరగడం చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. దీనికి కారణం వయసు. సుమారు 40 కోట్ల ఏళ్ల కింద, భూగర్భ శాస్త్రవేత్తలు డెవోనియన్ అని పిలిచే కాలంలో, ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న బురద తర్వాత భూమి ఒత్తిడికి నలిగి, పొరలు పొరలుగా చీలే పలకరాయిగా మారింది. మార్కాపురం పలకలు చూసినవాళ్లకు ఇది ఎలాంటి రాయో వేరే చెప్పక్కర్లేదు. కోట్ల ఏళ్లలో ఆ పర్వతాలు అరిగిపోయి ఎత్తు తక్కువ మెట్టప్రాంతం అయ్యాయి. మోజెల్ ఆ మెట్ట మీద మైదానపు నదిలాగే తీరిగ్గా వంకరలు తిరిగింది. తర్వాత నేల మళ్లీ పైకి లేవడం మొదలైంది. ముఖ్యంగా గత ఏడెనిమిది లక్షల ఏళ్లలో ఆ లేవడం వేగం పుంజుకుంది. నేల లేస్తుంటే నది తన దారి మార్చుకోకుండా ఉన్నచోటే కిందికి కోసుకుంటూ పోయింది. అలా పాత వంకరలన్నీ రాతిలో దిగబడిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. నది వంపు తిరిగే ప్రతిచోటా నీటి వేగం బయటి ఒడ్డును కొడుతుంది, లోపలి ఒడ్డు దగ్గర నీళ్లు నెమ్మదించి ఇసుక, గులకరాళ్లు వదిలేస్తాయి. అందుకే బయటి ఒడ్డు నిలువుగా కోసుకుపోతుంది, లోపలి ఒడ్డు మెల్లగా వాలుతుంది. ఒకటి కోత ఒడ్డు, ఒకటి మేట ఒడ్డు. పీస్‌పోర్ట్ దగ్గర ఈ కోత ఒడ్డు ఎడమవైపు, అంటే ఉత్తరంవైపు పడింది. దాని ముఖం దక్షిణానికి ఉంది. ఒడ్డు మొత్తం గుండ్రంగా వంగి ఉండటంతో ఉదయం ఒక భాగానికి, మధ్యాహ్నం ఇంకో భాగానికి, సాయంత్రం మూడో భాగానికి ఎండ నేరుగా తగులుతుంది. గోల్డ్‌ట్రోప్‌షెన్ అనే ప్రసిద్ధమైన తోట ఈ గుండ్రటి వాలు మీదే ఉంది. ఎదురుగా, కుడి ఒడ్డున, మెల్లగా వాలే మేటనేల మీద నీడర్‌ఎమ్మెల్ అనే ఊరు ఉంది. 20వ శతాబ్దం రెండో సగంలో దాన్ని పీస్‌పోర్ట్‌లో కలిపేశారు గానీ, నేల మాత్రం పూర్తిగా వేరు. ఈ రెండు ఒడ్ల తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఎండ విషయం లెక్క వేసి చూస్తే బాగా అర్థమవుతుంది. పీస్‌పోర్ట్ సుమారు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సెప్టెంబరు చివర్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున, మధ్యాహ్నం కూడా సూర్యుడు అక్కడ 40 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. ఆ వెలుగు చదును నేల మీద ఏటవాలుగా పరుచుకుపోతుంది. సూర్యుడికి సూటిగా ఎదురుగా ఉన్న చదరపు మీటరుకు వంద పాళ్లు అందితే, చదును నేలకు 64 పాళ్లే అందుతాయి. అదే దక్షిణానికి 30 డిగ్రీలు వాలిన నేలకు 94 పాళ్లు అందుతాయి. అక్టోబరు మధ్యకు సూర్యుడు 32 డిగ్రీలకు దిగిపోతాడు. అప్పుడు చదును నేలకు 53, వాలుకు 88. ఇక్కడ పండించే రీస్లింగ్ రకం ద్రాక్ష సరిగ్గా ఆ నెలలోనే పక్వానికి వస్తుంది కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. పండుకీ పచ్చికాయకీ మధ్య తేడా అదే.

ఇంకో రకంగా చెప్పాలంటే, 50 డిగ్రీల అక్షాంశంలో 30 డిగ్రీల దక్షిణపు వాలు మీద మధ్యాహ్నపు కిరణాలు పడే కోణం, 20 డిగ్రీల అక్షాంశంలో చదును నేల మీద పడే కోణంతో సమానం. అంటే దాదాపు మన ఆదిలాబాద్ కోణం. అయితే కోణం ఒకటే అయినంత మాత్రాన వేడి ఒకటే కాదు. ఉత్తరాన వెలుగు మరింత మందమైన గాలిపొరను దాటి రావాలి, మబ్బులూ ఎక్కువే. ఆ కొండ ఆదిలాబాద్ అవదు, కానీ తన చుట్టుపక్కల నేల కన్నా చాలా దక్షిణాన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది.

పలకరాయి పని ఇక్కడ మొదలవుతుంది. నల్లటి, బూడిదరంగు పలక పెంకులు పగటి వేడిని పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. వానపడితే నీళ్లు నిలవవు, పెంకుల సందుల్లోంచి దిగిపోతాయి. వేర్లు చీలిన పొరల్లోకి లోతుగా వెళ్లి తేమ వెతుక్కుంటాయి. పైన పెంకుల కప్పు ఉండటంతో వాలు మీది కాస్త మట్టీ వానకు పూర్తిగా కొట్టుకుపోదు. కానీ పెంకులే జారి కిందికి వస్తాయి. వాటిని మోసుకెళ్లి మళ్లీ పైన పరచడం తరతరాలుగా ఇక్కడి రైతుల పని. తీగలను పందిరి మీద గానీ ఇనుప తీగెల వరుసల మీద గానీ పాకించకుండా, ఒక్కో తీగకు ఒక్కో ఊతకర్ర పాతి కట్టే పద్ధతి కూడా ఈ వాలు వల్లే వచ్చింది. వరుసలు అడ్డం లేకపోతే మనిషి ఏ తీగ చుట్టూ అయినా తిరిగి, వాలు మీద అడ్డంగా నడవగలడు.

నది అద్దంలా వెలుగును కొండమీదికి తిప్పికొడుతుందని టూరిస్టు కరపత్రాలన్నీ రాస్తాయి. అది కొంతవరకే నిజమని నేననుకుంటాను. సూర్యుడు బాగా కిందికి దిగిన వేళల్లో నీటి మీది వెలుగు గట్టిగానే తిరిగి వస్తుంది. మధ్యాహ్నం మాత్రం నీళ్లు చాలావరకు వెలుగును మింగేస్తాయి. నది చేసే అసలు మేలు వేడిని దాచుకోవడం. శరత్కాలం రాత్రుల్లో చల్లటి గాలి బరువెక్కి వాలు మీదుగా లోయ అడుగుకు జారుతుంది. అక్కడ నీళ్లు ఉండటం వల్ల మంచు దెబ్బ తగ్గుతుంది. వాలు నడుమభాగం అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది. శిఖరం మీద వదిలిపెట్టిన అడవి ఉత్తరపు చలిగాలిని ఆపుతుంది. మంచి తోటలు వాలు నడుమ ఉండి, కొండ నెత్తిన చెట్లు ఉండటం మోజెల్ అంతటా కనిపించే అమరిక.

హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తారు, అక్కడ తీగకు నిజమైన చలికాలం ఉండదు. మోజెల్ తీగ చలికాలమంతా మోడుగా నిద్రపోయి, ఏప్రిల్ చివర్లో చిగురించి, అక్టోబరులో పండుతుంది. ఆ కొద్ది నెలల్లోనే అంతా జరగాలి. నెమ్మదిగా పండటం వల్ల పులుపు పోకుండానే తీపి ఎక్కుతుంది. ఈ ప్రాంతపు వైన్‌కు పేరు తెచ్చింది ఆ పులుపే.

సరే, కొండ సంగతి అయింది. ఇలాంటి వంపులు మోజెల్ మీద డజన్ల కొద్దీ ఉన్నాయి. మనుషులు ఎప్పుడు, ఎందుకు వచ్చారన్నది ఇక చూద్దాం.

రోమన్లకు ముందు ఇక్కడ ట్రెవెరీ అనే తెగ ఉండేది. క్రీస్తుపూర్వం 58 నుంచి 51 వరకు సాగిన యుద్ధాల్లో జూలియస్ సీజర్ గాల్ దేశంతో (దాదాపు నేటి ఫ్రాన్స్) పాటు వీళ్ల ప్రాంతాన్నీ లొంగదీశాడు. ట్రియర్‌లో మోజెల్ మీద రోమన్లు కట్టిన తొలి వంతెన కొయ్య స్తంభాలు దొరికాయి. వాటి చెట్టు వలయాలను లెక్కపెట్టి చూస్తే క్రీ.పూ. 18-17 నాటివని తేలింది. నగరం పుట్టింది ఆ కాలంలోనే. తెగ పేరు మీద దాన్ని ఆగస్టా ట్రెవెరోరుమ్ అన్నారు. మొదట్లో ఇక్కడివాళ్లు తాగిన వైన్ మధ్యధరా ప్రాంతం నుంచి మట్టి జాడీల్లో వచ్చేది. దిగుమతి చేసుకునేవాళ్లు సొంతంగా పండించడానికి కారణం కావాలి కదా. ఆ కారణాన్ని ట్రియర్ పెరుగుదల ఇచ్చింది.

చాలాచోట్ల ఒక కథ చదువుతారు: డొమీషియన్ చక్రవర్తి 92లో ఇటలీ బయటి రాష్ట్రాల్లో ద్రాక్షతోటలను తగ్గించమని ఆజ్ఞ ఇచ్చాడని, దాదాపు 280లో ప్రోబస్ చక్రవర్తి ఆ నిషేధం ఎత్తేశాక మోజెల్‌కు ద్రాక్ష వచ్చిందని. ఆజ్ఞలు రెండూ చరిత్రలో ఉన్నవే. కానీ వాటి మధ్యకాలంలో గాల్‌లో తోటలేమీ ఆగిపోలేదు. దూరపు రాష్ట్రంలో ఒక వాలు మీద నాటిన తీగలను పీకించడానికి రోమ్ దగ్గర మనుషులెక్కడున్నారు? ప్రోబస్‌ను మోజెల్ వైన్‌కు తండ్రిని చేయడం నాకు సబబుగా అనిపించదు. ఒక్క చక్రవర్తికి పేరు కట్టబెడితే కథ సులువవుతుందంతే.

చేతికి దొరికే ఆధారాలు రెండు ఉన్నాయి. మీరు ఆ రెండూ చూసే ఉంటారు, కానీ అవి చెప్పేది వేర్వేరు సంగతులు.

మొదటిది నోయ్‌మాగెన్ వైన్ పడవ. సుమారు 220 నాటి రాతిశిల్పం. రెండు కొసలా జంతువుల తలలు, తెడ్లు వేసే మనుషులు, నడుమ పెద్దపెద్ద పీపాలు. ఇది నిజానికి ఒక సంపన్న వ్యాపారి సమాధి మీది అలంకారం. 4వ శతాబ్దంలో నోయ్‌మాగెన్‌లో కోట కట్టేటప్పుడు రాళ్లు చాలక పాత సమాధుల శిల్పాలను పునాదుల్లో వేసేశారు. 1878లో తవ్వినప్పుడు అవి బయటపడ్డాయి. అదే పునాదుల్లో ఒక పంతులు ఇద్దరు పిల్లలకు చదువు చెబుతుండగా ఇంకో పిల్లవాడు ఆలస్యంగా వస్తున్న శిల్పం కూడా దొరికింది. ట్రియర్ మ్యూజియంలో పడవ దగ్గర ఆగినవాళ్లు దాన్ని వదలకుండా చూడాలి, అంత సజీవంగా ఉంటుంది. అయితే పడవ రుజువు చేసేది రవాణాను మాత్రమే. పీపాల్లో ఉన్న వైన్ మోజెల్‌దేనా, వేరేచోటిదా అన్నది శిల్పం చెప్పదు. ట్రియర్ దగ్గరే ఈగెల్ ఊళ్లో 23 మీటర్ల ఎత్తైన రోమన్ స్తంభం ఒకటి ఉంది. బట్టల వ్యాపారుల కుటుంబం కట్టించుకున్నది. దాని మీద తాళ్లు కట్టి ఒడ్డు నుంచి పడవను లాగుతున్న మనుషులున్నారు. పీస్‌పోర్ట్ ట్రియర్‌కు దిగువన ఉంది కాబట్టి ఇక్కడి సరుకు నగరానికి చేరాలంటే అలాగే ఎదురీదాలి. కోబ్లెంట్స్, కొలోన్ వైపు సైనిక శిబిరాలకైతే ప్రవాహమే తీసుకుపోతుంది.

రెండో ఆధారం నాకు అన్నిటికన్నా విలువైనది. 1985లో పీస్‌పోర్ట్‌లో తోటల కమతాల ఏకీకరణ జరుగుతోంది. ముక్కలు ముక్కలుగా పంచుకుపోయిన చిన్నచిన్న కమతాలను కలిపి దారులు వేసే పని అది. ఆ తవ్వకాల్లో గోల్డ్‌ట్రోప్‌షెన్ వాలు పాదం దగ్గర ఒక రోమన్ ద్రాక్ష గానుగశాల బయటపడింది. 4వ శతాబ్దానిది. పొడవు 44 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. ఆల్ప్స్‌కు ఉత్తరాన ఇంతవరకు దొరికిన వాటిలో ఇదే అతి పెద్దది. పండు తొక్కే తొట్లు పైన, రసం దిగే తొట్లు కింద, వాటి పక్కన దుంగతో నొక్కే గానుగ. గుత్తులను ముందు కాళ్లతో తొక్కి, మిగిలిన పిప్పిని పొడవాటి దుంగ కింద పెట్టేవారు. దుంగ ఒక కొస గోడలో బిగించి ఉంటుంది, రెండో కొసకు మరచుట్టు ఉన్న కొయ్య, దానికి బరువైన బండరాయి. మర తిప్పిన కొద్దీ రాయి గాల్లోకి లేచి దుంగను కిందికి లాగుతుంది. తవ్వకాల్లో ద్రాక్ష గింజలు కూడా దొరికాయి. అంటే ఇక్కడ పండు తొక్కారు, ఇక్కడే రసం తీశారు. రవాణా కాదు, సాగు గురించి సందేహం లేకుండా చెప్పే ఆధారం ఇది.

ఆ కొలతలు ఒకసారి ఊహించుకోండి. ఒక రైతు కుటుంబానికి 44 మీటర్ల గానుగశాల అవసరం లేదు. ఒక చేతి కింద పెద్ద ఎస్టేటు ఉండి, కోతకాలంలో చాలామంది కూలీలు ఉంటేనే ఇలాంటిది కడతారు. అది సాక్షాత్తూ చక్రవర్తి ఆస్తి అయి ఉండవచ్చని చాలామంది పండితులు భావించారు. కాలాన్ని చూస్తే ఆ ఊహకు బలం ఉంది. 3వ శతాబ్దం చివరి నుంచి 4వ శతాబ్దం చివరి వరకు ట్రియర్ చక్రవర్తులు నివాసమున్న నగరం. 306 తర్వాత కాన్‌స్టంటైన్ ఇక్కడే ఉన్నాడు, తర్వాత వాలెంటీనియన్, గ్రేషియన్ ఉన్నారు. ఆస్థానం, అధికారులు, సైన్యం, రైన్ సరిహద్దు శిబిరాలు, వీళ్లందరికీ వైన్ కావాలి. సైనికుల రేషన్‌లో కూడా వైన్ భాగమే. మధ్యధరా నుంచి తెచ్చుకునే కన్నా దగ్గర్లోనే పండించుకోవడం నయం. మోజెల్ మీద ఎర్డెన్, బ్రౌనెబెర్గ్ లాంటి ఊళ్లలో కూడా రోమన్ గానుగలు దొరికాయి. అవన్నీ నిటారు దక్షిణపు వాలుల పాదాల దగ్గరే ఉన్నాయి. సూర్యుడి కోణం లెక్క వాళ్లు కాగితం మీద వేయకపోయినా, అనుభవంతో కచ్చితంగా వేసినట్టే.

పీస్‌పోర్ట్‌కు ఇంకో వసతి కూడా ఉంది. మైంజ్, బింగెన్ వైపు నుంచి హున్స్‌రుక్ అడవుల మీదుగా ట్రియర్‌కు వచ్చే రోమన్ రాజమార్గం మోజెల్‌ను తాకేది నోయ్‌మాగెన్ దగ్గరే. సుమారు 371లో ఆ దారినే ఔసోనియస్ వచ్చాడు. బోర్డో నుంచి వచ్చిన కవి, వాలెంటీనియన్ కొడుకు గ్రేషియన్‌కు గురువు. నీడల అడవి దాటి నోయ్‌మాగెన్ దగ్గర లోయలోకి దిగేసరికి ఆయనకు సొంతూరి ద్రాక్షతోటలు గుర్తొచ్చాయి. ఈ నది మీద లాటిన్‌లో 483 పాదాల కావ్యం రాశాడు. అందులో వాలులను ప్రకృతి కట్టిన నాటకశాలతో పోలుస్తాడు. తోటల నీడ నీటిలో పడి తీగలు ఊగుతుంటే పడవవాడు వాటిని లెక్కపెట్టబోయి మోసపోతాడు. దారిన పోయేవాళ్లు, పడవలవాళ్లు కొండమీది పనివాళ్లను ఆటపట్టిస్తూ కేకలు వేస్తారు. పీస్‌పోర్ట్ పేరు అందులో లేదు. కానీ ఆయన నది చేరిన చోటికి ఈ వంపు పక్కనే, గానుగశాల కూడా ఆ శతాబ్దానిదే. కావ్యాన్నీ తవ్వకాన్నీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఇంకే వైన్ ప్రాంతంలోనైనా ఉందా అనిపిస్తుంది నాకు.

ఆ కాలపు సంపదకు ఇంకో సాక్ష్యం ఎదుటి ఒడ్డున దొరికింది. నీడర్‌ఎమ్మెల్‌లో ఒక రాతి శవపేటికలో, ఒకే గాజు ముద్దలోంచి జాలీలాగా చెక్కిన పాత్ర బయటపడింది. 4వ శతాబ్దంలో అలాంటి పాత్ర రాజులకు, మహాధనికులకు మాత్రమే అందేది. ఇప్పుడు ట్రియర్ మ్యూజియంలో ఉంది.

తర్వాతి కాలాన్ని చాలామంది దాటేస్తారు. నాకైతే అసలు చిక్కుముడి అక్కడే ఉంది. 400కు అటూఇటూగా పాలనా కేంద్రం దక్షిణాన ఆర్ల్ నగరానికి వెళ్లిపోయింది. 5వ శతాబ్దంలో ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగలవాళ్లు ట్రియర్‌ను మళ్లీ మళ్లీ కొల్లగొట్టారు. ద్రాక్షతోట అంటే గోధుమ చేను కాదు, నాలుగైదేళ్లు వదిలేస్తే కలుపు, తుప్పలు వాలును మింగేస్తాయి, గట్లు కూలిపోతాయి. మరి తోటలు బతికాయా? బతికాయనే చెప్పాలి. 588లో వెనాంటియస్ ఫోర్చునాటస్ అనే కవి ఫ్రాంకుల రాజు రెండో చిల్డెబర్ట్‌తో కలిసి మెట్జ్ నుంచి ఆండర్నాఖ్ వరకు పడవలో ప్రయాణించి, పలకరాతి గుట్టల మీద పండుతున్న ద్రాక్షను వర్ణించాడు. ఇంకో ఆధారం భాషలో ఉంది. చుట్టూ జర్మన్ మాట్లాడేవాళ్లు నిండిపోయినా మోజెల్ లోయలో లాటిన్ నుంచి పుట్టిన ఒక భాష శతాబ్దాల పాటు నిలిచింది. ఊళ్ల పేర్లలో, తోటల పేర్లలో దాని జాడలున్నాయి. అంటే పాత జనం ఎక్కడికీ పోలేదు, తోటపని తెలిసిన చేతులు ఉన్నచోటే ఉన్నాయి.

రాజధాని పోయాక కొనేవాళ్లెవరు? చర్చి. పూజకు వైన్ కావాలి, బిషప్పులకు, మఠాలకు ఆదాయమూ కావాలి. ఐఫెల్ కొండల్లోని ప్రూమ్ మఠం 893లో తన ఆస్తుల పద్దు రాయించింది. అందులో మోజెల్ తోటలు, వాటి మీద రైతులు చేయాల్సిన చాకిరీ, ఇవ్వాల్సిన వైన్ నమోదయ్యాయి. ఆపైన దాదాపు 900 ఏళ్లు ఈ లోయ మీద ట్రియర్ ఆర్చిబిషప్పుల పెత్తనం సాగింది. వాళ్లు మతాధికారులే కాదు, రాజ్యాధికారులు కూడా. నగరం పేరు అదే, కొండ అదే, మధ్యలో చక్రవర్తి స్థానంలోకి ఆర్చిబిషప్ వచ్చాడు.

ఇప్పుడు పీస్‌పోర్ట్ అనగానే అందరూ రీస్లింగ్ అంటారు. కానీ రోమన్ కాలంలో ఏ రకం వేశారో ఆ గింజలు చెప్పవు. మధ్యయుగమంతా ఇక్కడ ఎక్కువగా పండింది ఎల్బ్లింగ్ అనే రకం, బాగా కాస్తుంది, బాగా పుల్లగా ఉంటుంది. పన్ను దశమభాగంగా సరుకు రూపంలో కట్టేచోట రైతు పరిమాణమే చూసుకుంటాడు, అది సహజం. రీస్లింగ్ తొలి ప్రస్తావన 1435లో రుసెల్స్‌హైమ్ లెక్కల్లో కనిపిస్తుంది, అది రైన్ దగ్గర. పీస్‌పోర్ట్‌లో మార్పు తెచ్చింది యోహాన్నెస్ హౌ అనే చర్చి పూజారి. 1763లో ఈయన ఊరి రైతులను ఒప్పించి రీస్లింగ్ నాటించాడని చెబుతారు. 1787 మే 8న ఆర్చిబిషప్ క్లెమెన్స్ వెంట్సెస్లావుస్ నాసిరకం తీగలను ఏడేళ్లలో తీసేసి మంచి రకాలు వేయాలని లోయ మొత్తానికి ఆజ్ఞ ఇచ్చాడు. ఊరు రాజ్యం కన్నా 24 ఏళ్లు ముందుంది. 1794లో ఫ్రెంచి సైన్యం వచ్చింది, తర్వాతి ఏళ్లలో చర్చి తోటలు వేలానికి వెళ్లాయి, అవి మామూలు కుటుంబాల చేతికి వచ్చాయి. అక్కడి నుంచి ఆధునిక చరిత్ర, మీరు అడిగింది అది కాదు.

అయితే రెండు ఒడ్ల సంగతి మళ్లీ చెబుతానన్నాను. 1971 జర్మన్ వైన్ చట్టం పీస్‌పోర్ట్ మిహెల్స్‌బెర్గ్ అనే పేరు కింద చుట్టుపక్కల చాలా ఊళ్ల తోటలను కలిపేసింది. మేటనేల మీద, చదునులో, ఎక్కువ కాసే వేరే రకాలతో చేసిన చౌక వైన్ కూడా పీస్‌పోర్ట్ పేరుతో ప్రపంచమంతా అమ్ముడైంది. నిటారు వాలు మీద పెంకులు మోసే రైతుకు ఇది నిజంగా అన్యాయం. రోమన్లు గానుగ ఎక్కడ పెట్టాలో ఎంచుకున్నప్పుడు గమనించిన తేడాను ఆ చట్టం గమనించలేదు. లేబుల్ మీద గోల్డ్‌ట్రోప్‌షెన్, డోమ్‌హెర్ అనే తోటల పేర్లు ఉంటే అది ఎడమ ఒడ్డు వాలు.

నది కూడా మారింది. ఔసోనియస్ చూసిన మోజెల్ లోతు తక్కువ, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేట. 1956లో జర్మనీ, ఫ్రాన్స్, లక్సెంబర్గ్ ఒప్పందం చేసుకుని 1964కల్లా ఆనకట్టలు, లాకులు కట్టాయి. పీస్‌పోర్ట్ దగ్గర మీరు చూసిన నిశ్చలమైన నీరు దిగువన వింట్రిహ్ ఆనకట్ట ఆపినది. పాత పడవలవాళ్ల కష్టాన్ని ఊహించేటప్పుడు ఈ చెరువులాంటి నీటిని మనసులోంచి తీసేయాలి.

మళ్లీ వెళ్లేటట్టయితే ట్రియర్ మ్యూజియంతో మొదలుపెట్టండి, పడవ శిల్పం, గాజు పాత్ర అసలువి అక్కడే ఉన్నాయి. తర్వాత నోయ్‌మాగెన్‌లో ఆ శిల్పం నమూనాగా చేసిన, నిజంగా నీటిలో నడిచే పడవను చూడండి. పీస్‌పోర్ట్‌లో ముందు కుడి ఒడ్డున నిలబడి వంపు మొత్తం చూసి, ఆ తర్వాతే వంతెన దాటి గానుగశాలకు వెళ్లండి. గానుగశాలను పునర్నిర్మించారు, అక్టోబరులో అక్కడ జరిగే ఉత్సవంలో రోమన్ పద్ధతిలో కాళ్లతో ద్రాక్ష తొక్కి చూపిస్తారు. ఊరికి రైలు లేదు. నది వెంట నడిచిన పాత చిన్న రైలు 1960లలో ఆగిపోయింది. బస్సు దొరుకుతుంది గానీ, వీలైతే నది పక్క సైకిల్ బాటలో నోయ్‌మాగెన్ నుంచి రండి. వంపు తిరిగేకొద్దీ ఒక ఒడ్డు లేచి, రెండోది వాలడం సైకిల్ మీద బాగా తెలుస్తుంది.